రైలు బెర్తు కోసం తంతి: కంప్యూటర్‌కు ముందటి రిజర్వేషన్ పద్ధతి

పుదుచ్చేరికి దక్షిణాన, ఏటికి ఆవలి ఒడ్డున ఉన్న అరియాంకుప్పానికి రైల్వే స్టేషన్ లేదు. అక్కడివారు రైలెక్కాలంటే పుదుచ్చేరికి రావలసిందే. 1879లో విల్లుపురం నుంచి మీటర్‌గేజ్‌గా వేసిన మార్గం పుదుచ్చేరితోనే ముగుస్తుంది.

అదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన తెలుగు పట్టణం యానాంకూ స్టేషన్ లేదు. ప్రభుత్వ పనిమీద పుదుచ్చేరికి వెళ్లవలసిన యానాం వాసి కాకినాడలోనో సామర్లకోటలోనో రైలెక్కి మద్రాసు సెంట్రల్‌లో దిగేవాడు. బ్రాడ్‌గేజ్ అక్కడితో సరి. ఎగ్మూరుకు వెళ్లి మీటర్‌గేజ్ బండి పట్టుకోవాలి. వెళ్లడం కన్నా తిరిగిరావడమే కష్టం.

అందుకు కారణం కోటా. బండిలోని బెర్తులన్నీ ఒకేచోట అమ్మకానికి ఉండేవి కావు. బయలుదేరే స్టేషన్‌కు పెద్ద వాటా, దారిలోని ముఖ్య స్టేషన్లకు చిన్న వాటాలు కేటాయించేవారు. వాటా లేని చోట టికెట్ కొన్నవారి కోసం గుమస్తా వాటా ఉన్న స్టేషన్‌కు తంతి పంపేవాడు. జవాబు వచ్చేదాకా బెర్తు ఉన్నదీ లేనిదీ తెలియదు. తిరుగు ప్రయాణానికీ ఇదే మార్గం. అందుకే చాలామంది చేరిన ఊళ్లో దిగగానే ముందు రిజర్వేషన్ వరుసలో నిలబడేవారు.

టికెట్ చిన్న అట్టముక్క. దానిపై తేదీని యంత్రంతో అద్దేవారు. ఒక్కో బండికి, ఒక్కో తేదీకి రిజిస్టర్‌లో వేరే పుట ఉండేది. గుమస్తా అందులో పేరు, వయసు, టికెట్ సంఖ్య రాసుకుని, బోగీ, బెర్తు సంఖ్యలను టికెట్ వెనుక వేసేవాడు. ఆ రిజిస్టర్ ఉన్న కిటికీ దగ్గరే పని జరిగేది; పక్క కిటికీ ఖాళీగా ఉన్నా ప్రయోజనం లేదు. రద్దయితే ఒక కొట్టివేత, దానిపై మరో పేరు. బండి బయలుదేరే ముందు ఆ పుటను చూసి చార్టు రాసి బోగీకి అంటించేవారు. నకలు రాతలో పొరపాటు జరిగితే ఒకే బెర్తుకు ఇద్దరు హక్కుదారులు తేలేవారు. తీర్పు చెప్పవలసినవాడు టీటీఈ.

1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ ప్రయోగాత్మకంగా మొదలైంది. అయినా ఒక నగరంలోని యంత్రానికి మరో నగరంలోని బెర్తులు చాలాకాలం కనిపించలేదు. రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అంటే క్రిస్, రూపొందించిన ‘కాన్సర్ట్’ సాఫ్ట్‌వేర్‌ను 1994లో తొలుత సికింద్రాబాద్‌లో అమర్చారు. 1999 నాటికి ప్రధాన కేంద్రాలన్నీ అనుసంధానమయ్యాయి. ఎక్కడి నుంచి ఎక్కడికైనా, తిరుగు ప్రయాణానికి సైతం, ఒకే కిటికీలో టికెట్ దొరకడం అప్పటినుంచే సాధ్యమైంది.

తంతి పోయింది కానీ కోటా పోలేదు. నేటి టికెట్లపై కనిపించే ‘పూల్డ్ కోటా’, ‘రిమోట్ లొకేషన్’ నిరీక్షణ జాబితాలు ఆ పాత వాటాల వారసత్వమే.