మీటరు చూపే కిలోమీటర్లు.. నిజంగా నడిచినవేనా?

పాశమైలారం: పారిశ్రామికవాడకు నిత్యం ద్విచక్ర వాహనాలపై వచ్చిపోయే కార్మికులకైనా, పరిశ్రమలకు కిలోమీటరు లెక్కన బండ్లు నడిపే యజమానులకైనా ఖర్చు, రాబడి తేల్చేది మీటరు అంకెయే. ఇంజిన్ ఆయిల్ మార్పు, టైర్ల మన్నిక, మైలేజీ, అద్దె బిల్లు అన్నింటికీ అదే ఆధారం. దానిని సొంతంగా సరిచూసుకోవడం కష్టమేమీ కాదు.

ఏడాదికి ఎంత తిరుగుతున్నాం?

ఇంటి నుంచి పరిశ్రమకు 18 కిలోమీటర్లనుకుంటే రానుపోను 36. నెలకు 26 పనిదినాలకు 936. సొంత పనులకు మరో 200 కలిపితే 1,136. ఏడాదికి 13,632 కిలోమీటర్లు. ఇది అంచనా మాత్రమే. సర్వీసింగ్ బిల్లులపై తేదీ, రీడింగు రెండూ ఉంటాయి. రెండు బిల్లుల మధ్య 120 రోజులలో 4,680 కిలోమీటర్లు తిరిగితే రోజుకు 39, ఏడాదికి 14,235. అంచనాలో తప్పిపోయిన 600 కిలోమీటర్లు గుర్తుకురాని చిన్న ప్రయాణాలే. అందుచేత బిల్లుల లెక్కనే నమ్మడం మేలు.

తేడా ఎందుకు?

మీటరు దూరాన్ని నేరుగా కొలవదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించి, కంపెనీ నిర్ణయించిన టైరు చుట్టుకొలతతో గుణిస్తుంది. కారు చక్రం వ్యాసార్ధం సుమారు 30 సెంటీమీటర్లు. టైరు 6 మిల్లీమీటర్లు అరిగితే మీటరు దాదాపు 2 శాతం ఎక్కువ చూపుతుంది. గాలి తగ్గినా అదే దారి. పెద్ద టైర్లు వేయిస్తే తక్కువ చూపుతుంది. వేగం చూపే ముల్లు వేరు, దూరం చూపే అంకె వేరు. ఒకటి తప్పితే రెండోదీ తప్పినట్లు కాదు.

సరిచూసుకునే విధానం

జాతీయ రహదారిపై పసుపు తల ఉన్న కిలోమీటరు రాళ్లే తగిన కొలబద్ద. టైర్లలో గాలి సరిగా నింపి, ఒక రాయి వద్ద ట్రిప్ మీటరును సున్నా చేసి, పదో రాయి వరకు తిన్నగా వెళ్లాలి. 65వ నంబరు జాతీయ రహదారిపై మదీనాగూడ - సంగారెడ్డి మధ్య ఆరు వరుసల విస్తరణకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. పనులు జరిగే చోట రాళ్లు తొలగిపోవచ్చు, స్థానం మారవచ్చు. కనుక సంగారెడ్డి దాటాక జహీరాబాద్ వైపు చూసుకోవడం మంచిది. కార్లవారు ముత్తంగి వద్ద ఔటర్ రింగు రోడ్డెక్కి అక్కడి కిలోమీటరు ఫలకాలను చూసుకోవచ్చు. ద్విచక్ర వాహనాలకు దానిపై అనుమతి లేదు. రీడింగును పక్కనున్నవారు రాసుకోవాలి. రహదారిపై బండి ఆపరాదు. సెల్‌ఫోన్‌లోని జీపీఎస్‌తోనూ పోల్చుకోవచ్చు.

పది కిలోమీటర్లకు మీటరు 10.3 చూపితే 3 శాతం అధికమన్నమాట. మీటరులోని 14,235 కిలోమీటర్లను 1.03తో భాగిస్తే అసలు నడిచినది 13,820. ఒక్కసారితో తేల్చక, తిరుగు ప్రయాణంలోనూ చూసి సగటు తీయాలి.

ఎవరికి ఏమిటి లాభం?

అద్దె బండి మీటరు నెలకు 2,060 చూపి, నిజంగా నడిచినది 2,000 అయితే 60 కిలోమీటర్ల సొమ్ము అద్దెకు తీసుకున్నవారి జేబులోంచి పోతుంది. తక్కువ చూపితే నష్టం యజమానిది. ఒప్పందానికి ముందే ఇరువురూ కలిసి సరిచూసుకుంటే తగాదా ఉండదు. ఎక్కువ చూపే మీటరు మైలేజీని కూడా ఉన్నదానికన్నా పెంచి చూపుతుంది.

తిరిగే దూరాన్ని బట్టి ప్రీమియం తేల్చే వాహన బీమా సదుపాయాన్ని ఐఆర్‌డీఏఐ 2022 జులైలో అనుమతించింది. దానిని ఎంచుకునేవారు అంచనా తక్కువ వేసుకోరాదు. పరిమితి దాటితే ఏమవుతుందో షరతులలో ముందే చదువుకోవాలి.

పాత బండి కొనేవారు మీటరు అంకెను మాత్రమే చూసి మోసపోరాదు. సర్వీసింగ్ బిల్లులలోని రీడింగులు వరుసగా పెరుగుతూ వచ్చాయా, పెడళ్లు, సీటు అరుగుదల ఆ అంకెకు తగినట్లుందా గమనించాలి. మధ్యలో అంకె తగ్గినట్లు కనిపిస్తే మీటరు మార్చారో, వెనక్కి తిప్పారో అడిగి తెలుసుకున్నాకే బేరానికి దిగాలి.