పేరు మాత్రం వదల్లేదు

"మీ పూర్వీకులు ఎక్కణ్ణుంచి వచ్చారు?" తెలుగు ముస్లింలలో ఈ ప్రశ్న ఎదురుకాని వాళ్లు అరుదు. పుట్టిన ఊరి పొలిమేర దాటని వాడికి కూడా తప్పదు. "తెలుగు భలే మాట్లాడుతున్నారే" అనే మెచ్చుకోలు వెనకా ఉన్నది ఇదే ప్రశ్న. అడిగేవాళ్లకు మన ఊరుతో పనిలేదు. పేరు విని అడుగుతారు. అలాంటి పేరుతో నిజంగానే సముద్రాలు దాటిన ఒక సంసారి కథ చెప్పుకోవాలి. ఆయన షేక్ దీన్ మహమ్మద్.

1759లో పాట్నాలో పుట్టాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేస్తూ చనిపోయాడు. పదకొండో ఏట ఈ పిల్లవాడు బేకర్ అనే ఐరిష్ అధికారి వెంట అదే సైన్యంతో నడిచాడు. పెద్దయ్యాక సుబేదారు అయ్యాడు. 1781లో కాశీ రాజు చేత్‌సింగ్ మీదికి కంపెనీ పంపిన సైన్యంలో ఆయనా ఉన్నాడు. ఈ సంగతి దాచి ఆయన్ను వీరుణ్ణి చేయనక్కర్లేదు. కూడు పెట్టిన కొలువు కోసం తుపాకీ మోసిన వేలమందిలో ఆయనొకడు.

1784లో బేకర్‌తో కలిసి ఐర్లండులోని కార్క్ నగరం చేరాడు. అక్కడ ఇంగ్లీషు నేర్చుకున్నాడు. జేన్ డేలీ అనే ప్రొటెస్టెంట్ యువతిని ప్రేమించి, 1786లో ఆమెతో లేచిపోయి పెళ్లి చేసుకున్నాడు. ప్రొటెస్టెంటు ఇతర మతస్థుణ్ణి పెళ్లాడటానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. అందుకే ఆయన ఆంగ్లికన్ చర్చిలో చేరాడు.

మరి ఇస్లాం ఆయనలోంచి పూర్తిగా పోయిందా? 1794లో తన ప్రయాణాల గురించి 38 ఉత్తరాల రూపంలో పుస్తకం అచ్చువేశాడు. భారతీయుడు ఇంగ్లీషులో రాసిన తొలి పుస్తకం అదే. సున్తీ, నిఖా, మయ్యత్ ఎలా జరుగుతాయో అందులో తెల్లవాళ్లకు ఓపికగా వివరించాడు. చర్చిలో చేరిన ఎనిమిదేళ్లకు రాసిన మాటలవి.

తర్వాత కుటుంబంతో లండన్ వెళ్లాడు. 1810లో అక్కడ హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచాడు. మన మసాలా కూరలు, కూర్చోడానికి వెదురు కుర్చీలు, పీల్చడానికి హుక్కా. 1812లో దివాలా తీశాడు. 1813లో, యాభై దాటిన వయసులో, ఏ దొర ఇంట్లోనైనా బట్లరుగా చేరతానని పత్రికలో ప్రకటన ఇచ్చుకున్నాడు. హోటలు యజమాని మళ్లీ నౌకరు కావడానికి సిద్ధపడ్డాడు. పిల్లలకు అన్నం పెట్టాలి కదా!

1814లో బ్రైటన్ చేరాడు. ఆవిరి స్నానం, నూనెతో ఒళ్లు పట్టడం మొదలుపెట్టాడు. మన 'చంపీ'నే అక్కడ 'షాంపూ' అన్నారు. ఇద్దరు ఇంగ్లండు రాజులకు, నాలుగో జార్జికీ నాలుగో విలియంకీ, ఆ సేవ చేసే పదవి ఆయనకు దక్కింది. 1822లో ఈ వైద్యం మీద పుస్తకం వేస్తూ తన వయసు పదేళ్లు పెంచుకున్నాడు. వైద్యం చదివానని కూడా రాసుకున్నాడు. అది అబద్ధం. తూర్పు దేశపు హకీముగా కనబడితేనే దుకాణం నడుస్తుంది. పరాయివాడు బతకాలంటే ఎదుటివాడు కోరిన వేషం కట్టాల్సి వస్తుంది.

మతం మారింది, దేశం మారింది, వృత్తి నాలుగుసార్లు మారింది, వయసు కూడా మారింది. 'దీన్' అన్న మాటను ఇంగ్లీషు పేరులా దిద్దుకుని, 'మహమ్మద్'ను వదిలేసి ఉండొచ్చు. వదల్లేదు. స్నానశాల బోర్డు మీద ఆ పేరే పెట్టాడు. మమకారమా, వ్యాపారమా అంటే రెండూ కావచ్చు. సంసారి విషయంలో ఈ రెంటినీ విడదీయడం కష్టం. పిల్లలకూ అదే ఇంటిపేరు దక్కింది. మనవడు అక్బర్ మహమ్మద్ (1849-84) రక్తపోటు మీద పరిశోధన చేసిన పేరున్న వైద్యుడయ్యాడు. మరో మనవడు మహమ్మద్ ఇంటిపేరుతోనే చర్చిలో మతాధికారి అయ్యాడు.

ఈయన మావాడని చెప్పుకోవాలా, మతం విడిచినవాడని పక్కన పెట్టాలా? ఇలా అడగడంలోనే పొరపాటుంది. మనిషి బతుకంతటినీ ఒకే గడిలో రాయమనే వాళ్లే మనల్నీ "ఎక్కణ్ణుంచి వచ్చారు" అని అడుగుతున్నారు.

1850 డిసెంబరులో జేన్ పోయింది. రెండు నెలలకు, 1851 ఫిబ్రవరి 24న, ఆయన పోయాడు. బ్రైటన్‌లో చర్చి ఆవరణలో ఇద్దరికీ ఒకటే సమాధి రాయి. దాని మీద ఆయన పేరు పక్కన ఊరి పేరు కూడా చెక్కారు. పాట్నా, హిందుస్తాన్ అని.

అరవై ఏళ్లకు పైగా పరదేశంలో బతికినవాడు కూడా తన ఊరు ఏదో తనే చెప్పుకున్నాడు. ఊరు కదలని మన ఊరు మాత్రం ఇంకెవరో చెప్పాలా?