దూధ్ కా దాంత్: ఢిల్లీలో పాలపళ్ళ చికిత్స

ఢిల్లీలో పాలపన్నును దూధ్ కా దాంత్ అంటారు. అది పుచ్చితే కీడా లగ్ గయా, అంటే పురుగు పట్టింది, అంటారు. ఈ పురుగు చాలా పాతది: సుశ్రుత సంహిత కృమిదంతకమనే వ్యాధిని పేర్కొన్నది, తెలుగు పల్లెల్లో వాకుడు గింజల పొగ పట్టి పంటి పురుగు తీయించుకునేవారు. సూక్ష్మదర్శినిలో పురుగు కనబడలేదని పారిస్ వైద్యుడు ఫోషార్ 1728లోనే రాసినా, సూక్ష్మజీవులు చక్కెరను పులియబెట్టి పుట్టించే ఆమ్లమే పంటిని కరిగిస్తుందని దంతవైద్యుడు మిల్లర్ 1890లో వివరించినా, మాటలోని పురుగు మాత్రం చావలేదు. చికిత్సకు అంతకంటే పెద్ద అడ్డంకి మరొక మాట: ఎలాగూ ఊడిపోయే పన్నే కదా.

శిక్షణ పొందిన దంతవైద్యులు తక్కువగా ఉన్న కాలంలో ఆ మాటకు ఎదురు చెప్పేవారూ తక్కువే. కలకత్తాలో 1920లో, లాహోరులో 1934లో దంతవైద్య కళాశాలలు వెలిశాయి గాని, విభజనతో లాహోరు సరిహద్దుకు ఆవల ఉండిపోయింది. 1948 నాటి దంతవైద్యుల చట్టం పట్టా ఉన్నవారిని రిజిస్టరులో ‘ఎ’ భాగంలోను, పట్టా లేకున్నా కనీసం ఐదేళ్ళుగా వృత్తిలో ఉన్నవారిని ‘బి’ భాగంలోను చేర్చింది. ఢిల్లీలో మౌలానా ఆజాద్ వైద్య కళాశాల దంతవిభాగం 1983లో మొదలై, తర్వాత స్వతంత్ర సంస్థగా ఎదిగింది. ఘజియాబాద్, ఫరీదాబాద్, గురుగ్రామ్‌లలో ప్రైవేటు కళాశాలలు ఆ తరువాతి కాలపువి.

పసివాడు పాలసీసా నోట్లో ఉంచుకునే నిద్రపోతే పాలు పై ముందుపళ్ళ చుట్టూ నిలిచిపోతాయి; కింది ముందుపళ్ళను నాలుక కప్పి ఉంచడం వల్ల, లాలాజలం కడిగేయడం వల్ల అవి చాలావరకు తప్పించుకుంటాయి. పుచ్చు ముందుగా చిగురు అంచున తెల్లని గీతగా కనిపించి, పింగాణీ పొర పలుచన గనుక త్వరలోనే గోధుమరంగుకు తిరిగి, చివరకు పన్ను మొండిగా మిగులుతుంది. ఇంత చిన్న మొండి మీద పూత నిలిచేది కాదు. పింగాణీని ఫాస్ఫారిక్ ఆమ్లంతో గరుకు చేస్తే రెసిన్ పట్టుకుంటుందని 1955లో దంతవైద్యుడు బ్యూనొకోర్ చూపాక దారి దొరికింది. పిల్లల దంతవైద్యుల భారతీయ సంఘం ఏర్పడిన 1979లోనే, సెల్యులాయిడ్ తొడుగుతో ముందుపళ్ళను తీర్చే పద్ధతి అమెరికాలో ప్రచురితమైంది, ఇది కాకతాళీయమే.

స్ట్రిప్ క్రౌన్ అనే ఈ పద్ధతిలో గోరంత పారదర్శకపు తొడుగు అంచును కత్తెరతో చిగురు వంపుకు కత్తిరించి, గాలి పోయేందుకు మూలన సూదిమొన రంధ్రం చేసి, పంటిరంగు కాంపోజిట్ రెసిన్ నింపి మొండిపై నొక్కుతారు. రంధ్రంలోంచి మిగులు ఉబికి వస్తుంది, నీలికాంతి తగిలి లోపలిది గట్టిపడ్డాక తొడుగును ఒలిచేస్తారు. వినడానికి తేలికే గాని, ఉమ్మి, రక్తం చుక్క తగిలితే అంటు చెడుతుంది. ఏడుస్తున్న మూడేళ్ళ పిల్ల నోట్లో ఆ కాసేపు పొడిగా ఉంచడమే అసలు విద్య. ఇటీవలి జిర్కోనియా తొడుగులు మరింత గట్టివి, కాని వాటిని వంచి బిగించలేరు గనుక పంటినే ఎక్కువగా అరగదీయాలి. జపాను నుంచి వచ్చిన సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ డ్రిల్లు లేకుండానే పుచ్చును ఆపుతుంది, అయితే పుచ్చిన చోటును నల్లగా మారుస్తుంది. ముందుపంటి నలుపు పోవాలనే వచ్చిన తల్లిదండ్రులకు అది నచ్చదు.

ఏడో ఏటికి వేరు కరిగిపోయి పన్ను ఊడినప్పుడు దానిపై కట్టిన కాంపోజిట్టూ దానితోనే చేతికొస్తుంది. తెలుగింట పేడలో చుట్టి కప్పు మీదకు విసిరేది అప్పుడు ఆ రెంటినీ కలిపే.