హద్దు దాటిన హైదరాబాద్

గోల్కొండ ఇరుకైపోయింది కాబట్టే హైదరాబాద్ పుట్టింది. కోటలో జనం కిక్కిరిసి, నీటికి కటకట మొదలైతే, 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీ అవతలి ఒడ్డున కొత్త నగరానికి పునాది వేయించాడు. ప్రధాని (పీష్వా) మీర్ మోమిన్ పేరు మీద చెప్పుకునే ఆ నక్షాలో గజిబిజి ఏమీ లేదు. నాలుగు దిక్కులకూ నాలుగు బాటలు, అవి కలిసే చోట చార్మినార్. అంతకు మూడు దశాబ్దాల ముందే హుస్సేన్‌సాగర్ తవ్వి ఉంది. ముందు నీరు, తర్వాత బాట, ఆ తర్వాతే ఇల్లు. ఈ వరస తర్వాతి కాలంలో తలకిందులైంది.

తర్వాత నిజాంల కాలంలో ఆ హుస్సేన్‌సాగర్ చెరువుకు ఉత్తరాన ఆంగ్లేయుల సైన్యం దిగింది. 1806లో నిజాం సికిందర్ జా పేరిట సికింద్రాబాద్ ఏర్పడింది. ఒకే చెరువు, రెండు ఒడ్లు, ఇద్దరు యజమానులు. ఈ జంట నగరాలను ఒకే నగరపాలక సంస్థ కిందికి తేవడానికి 1960 దాకా ఆగాల్సి వచ్చింది. కంటోన్మెంట్ ఆ తర్వాత కూడా రక్షణ శాఖ నీడలోనే ఉండిపోయింది. అక్కడ సైన్యం గేటు వేస్తే చుట్టూ తిరిగి ఇల్లు చేరే మల్కాజ్‌గిరి వాసికి ఈ చరిత్ర ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

అసలు మలుపు 1908 సెప్టెంబరు 28. ఆ రోజు మూసీ పొంగి వేలమందిని మింగేసింది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నగరంలో కరకట్టలు ఎత్తు పెంచి సరిపెట్టమనలేదు. వరద నగరంలో పుట్టదు, ఎగువ పల్లెల్లో కురిసిన వానలో పుడుతుంది కనుక అక్కడే ఆపాలన్నారు. ఆ సలహా ఫలితమే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927). ఊరి క్షేమం ఊరి పొలిమేరకు ఆవల ఉందని గుర్తించి, పరీవాహక ప్రాంతాన్ని కొలమానంగా పెట్టుకున్న నిర్ణయమది. మహానగర ప్రణాళిక అనే మాట వాడుకలో లేని రోజుల్లోనే ఆ పని జరిగిపోయింది. నా దృష్టిలో ఆ తర్వాత ఈ నగరం కోసం వేసిన ఏ ప్రణాళికా దానికి సాటి రాలేదు. 1912లో ఏర్పడ్డ నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలు తొలగించింది, పత్తర్‌గట్టీ లాంటి వీధులు తీర్చింది. మంచి పనే గానీ అది నగరం లోపలి మాట.

ఆంధ్రప్రదేశ్ అవతరణ తర్వాత నగరం పొంగు శివార్లకు మళ్లింది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, తూర్పున ఈసీఐఎల్ వచ్చాయి. కర్మాగారం వెంట క్వార్టర్లు, క్వార్టర్ల వెంట కాలనీలు. 1975లో నగరాభివృద్ధి ప్రాధికార సంస్థ హుడా పుట్టింది. 1976లో వచ్చిన పట్టణ భూపరిమితి చట్టం పేదలకు జాగా పంచాలని తలచింది. జరిగిందేమిటంటే భూమి వివాదాల్లో ఇరుక్కుంది, సామాన్యుడు పంచాయతీ లేఅవుట్లోనో, నోటరీ కాగితం మీదో గజాల్లెక్కన కొనుక్కున్నాడు. ఇల్లు ముందు లేచింది. రోడ్డు, నల్లా, డ్రైనేజీ ఆ వెనక ఏళ్లకేళ్లు నడిచివచ్చాయి. ఈలోగా చెరువుల శిఖం భూములు ప్లాట్లయ్యాయి, నాలాలు గోడల మధ్య సన్నబడ్డాయి. ప్రభుత్వం చేసిందల్లా రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించడం. లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్) మొదటిసారి వచ్చినప్పుడు ఇదే ఆఖరు అన్నారు. 2015లో మళ్లీ వచ్చింది, 2020లో మళ్లీ వచ్చింది. ఆ 2020 అక్టోబరు వరదల్లోనే చెరువులు తమ పాత జాడ వెతుక్కుంటూ కాలనీల్లోకి నడిచాయి.

1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక వేగం పెరిగింది. దానితోపాటే సంస్థలూ పెరిగాయి. సైబరాబాద్‌కు ఒక ప్రాధికార సంస్థ, విమానాశ్రయ ప్రాంతానికి ఇంకొకటి, హుస్సేన్‌సాగర్ పరిసరాలకు బుద్ధపూర్ణిమ పేరిట మరొకటి. 2007లో 12 పురపాలక సంఘాలనూ 8 పంచాయతీలనూ కలిపి మహానగర పాలక సంస్థ జీహెచ్ఎంసీ చేశారు. 2008లో ఆ ప్రాధికార సంస్థలన్నీ హుడాతో సహా మహానగరాభివృద్ధి ప్రాధికార సంస్థ హెచ్ఎండీఏలో కలిశాయి. అప్పట్లో దాని పరిధి దాదాపు 7,200 చదరపు కిలోమీటర్లు. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. 2006లోనే భవనాల అంతస్తుల విస్తీర్ణం మీద పరిమితి తీసేశారు కాబట్టి నగరం ఆకాశంలోకి పెరిగి అడ్డంగా పాకడం మానుతుందని కొందరు ఆశించారు. రెండూ జరిగాయి. కోకాపేటలో 2023లో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ వేలం వేసింది ప్రణాళిక గీసే హెచ్ఎండీఏనే. నక్షా గీసే చెయ్యే భూమి అమ్ముతుంటే, ఏ గీత ఎందుకు అటు వంగిందో అడిగేదెవరు?

ఈ మొత్తం కథలో విశ్వేశ్వరయ్య ఆలోచనకు దగ్గరగా వచ్చింది 1996 నాటి 111 జీవో. జంట జలాశయాలకు పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో భారీ నిర్మాణాలను, కాలుష్య పరిశ్రమలను అది ఆపింది. దాని కింద పడి నలిగింది మాత్రం ఆ ఊళ్ల రైతులే. జీవో హద్దు అవతల సర్వే నంబరుకు కోట్లు పలుకుతుంటే వాళ్ల పొలానికి ధర లేదు. నీళ్లు తాగిన నగరం ఆ నష్టానికి పైసా జవాబు చెప్పలేదు. అందుకే 2022లో ఆంక్షలు ఎత్తేస్తూ ఉత్తర్వు వచ్చినప్పుడు పర్యావరణవేత్తలు వ్యతిరేకించారు, ఊళ్లు సంబరపడ్డాయి. ఇద్దరిదీ తప్పనలేను.

పల్లెకూ పట్నానికీ మధ్య ఈ బేరం కుదిర్చే చోటు రాజ్యాంగంలో ఉంది. 74వ సవరణ తెచ్చిన 243జడ్ఈ అధికరణం పది లక్షల జనాభా దాటిన మహానగర ప్రాంతాలకు ప్రణాళికా సంఘం ఉండాలంటుంది. అందులో కనీసం మూడింట రెండు వంతుల మంది పురపాలక సభ్యులు, పంచాయతీ అధ్యక్షులు తమలోంచి ఎన్నుకున్నవారే కావాలి. కోల్‌కతాలో 2001లోనే అలాంటి సంఘం ఏర్పడింది. అక్కడా అది అద్భుతాలేమీ చేయలేదన్నది వేరే సంగతి. మన దగ్గర పెత్తనం ముఖ్యమంత్రి అధ్యక్షులుగా ఉండే హెచ్ఎండీఏదే అయింది.

2025లో ఆ సంస్థ పరిధి పది వేల చదరపు కిలోమీటర్లు దాటింది, దక్షిణాన ఫ్యూచర్ సిటీకి ఇంకో ప్రాధికార సంస్థ పుట్టింది, ఏడాది చివర ఔటర్ చుట్టుపక్కల 27 పట్టణ సంస్థలు జీహెచ్ఎంసీలో కలిశాయి. ప్రాంతీయ వలయ రహదారి ఇంకా భూసేకరణ గొడవల్లో ఉండగానే దాని దారి పొడవునా వెంచర్ల జెండాలు లేచాయి. ఇప్పుడు 2050కి బృహత్ ప్రణాళిక సిద్ధమవుతోంది. చేవెళ్ల దగ్గరి సర్పంచికి ఆ బల్ల దగ్గర ఇంతవరకూ కుర్చీ లేదు.