దేవుడు వరమిచ్చినా...

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్ళు ఏనాడో అన్నారు. కలెక్టరు సంతకం పెట్టినా కాగితం కదలనివ్వని గుమాస్తాల గురించి మనం ఈ మాట వాడుకుంటూ ఉంటాం. కానీ దేశాలకూ దేశాలకూ మధ్య సంధి కుదిర్చే చోట ఇది ఎంత అక్షరాలా నిజమో, ఒక్కోసారి ఎలా తలకిందులవుతుందో చూడాలంటే 1978 సెప్టెంబరులో అమెరికాలో జరిగిన ఒక 13 రోజుల కథ చదవాలి. నేను ఆ కథను ఒకసారి కాదు, ఎన్నోసార్లు చదివాను. చదివినప్పుడల్లా నాయకుల కంటే వాళ్ళ వెనక నిలబడ్డవాళ్ళే నా కంటికి ఎక్కువగా ఆనుతూ వచ్చారు.

రాయబారం మనకు కొత్త కాదు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు హస్తినకు బయలుదేరబోయే ముందు పాండవులు ఒక్కొక్కరూ తమ మనసులో మాట చెబుతారు. భీముడంతటివాడు మెత్తబడి సంధి కావాలంటాడు. అందరికంటే చిన్నవాడు సహదేవుడు యుద్ధమే కావాలంటాడు. ద్రౌపది తన జుట్టు చూపిస్తుంది. అవతల దుర్యోధనుడి చెవి దగ్గర కర్ణుడు, శకుని. విదురుడు కూడా ఆ సభలోనే ఉన్నాడు, చెప్పవలసింది చెప్పాడు, కానీ ఆయన కుర్చీ చెవికి దూరం. రాయబారి నేర్పు ఎంతున్నా, ఎవరి కుర్చీ ఎక్కడ వేశారన్నది ముందే తేలిపోయి ఉంటుంది.

ఇంతకీ మన కథ. ఈజిప్టుకూ ఇజ్రాయెల్‌కూ 1948 నుంచి 1973 లోపల నాలుగు పెద్ద యుద్ధాలు జరిగాయి. 1967లో జరిగిన ఆరు రోజుల యుద్ధంలో సినాయ్ ద్వీపకల్పమంతా ఇజ్రాయెల్ చేతికి పోయింది. సుమారు 60,000 చదరపు కిలోమీటర్ల ఇసుక, కొండలు, కాస్త నూనె. దాన్ని యుద్ధం చేసి పూర్తిగా తెచ్చుకోలేమని 1973లో తేల్చుకున్న ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్, 1977 నవంబరు 19న ఏకంగా ఇజ్రాయెల్‌లోనే విమానం దిగాడు. శత్రువు ఇంటికి చెప్పి మరీ భోజనానికి వెళ్ళినట్టు! ఆ ప్రయాణానికి రెండు రోజుల ముందు ఆయన విదేశాంగ మంత్రి ఇస్మాయిల్ ఫహ్మీ రాజీనామా ఇచ్చాడు. ఆ స్థానంలో ఎవరిని వేస్తే ఆయన కూడా గంటల్లోనే రాజీనామా ఇచ్చి ఇంటికి పోయాడు. చివరికి బుత్రోస్ ఘాలీని వెంటబెట్టుకుని సాదత్ విమానమెక్కాడు. తరవాతి కాలంలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి అయిన ఘాలీ ఈయనే.

పొరుగింటికి పోయిరావడం సులువే, గట్టు తగువు తేల్చుకోవడమే కష్టం. పది నెలలు గడిచినా పని జరగలేదు. అప్పుడు అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సాదత్‌నూ, ఇజ్రాయెల్ ప్రధాని మెనాహెం బెగిన్‌నూ వాషింగ్టన్‌కు ఉత్తరాన మేరీలాండ్ కొండల్లో ఉన్న తన విడిది క్యాంప్ డేవిడ్‌కు పిలిచాడు. సెప్టెంబరు 5న మొదలు. అడవి, చెక్క ఇళ్ళు, పత్రికలవాళ్ళకు ప్రవేశం లేదు. ఇద్దరికీ నాలుగడుగుల దూరంలో బస. కార్టర్ స్వతహాగా పాఠం చదవకుండా బడికి వెళ్ళే రకం కాదు. అమెరికా గూఢచారి శాఖ చేత ఇద్దరు నాయకుల మనస్తత్వాలమీదా నివేదికలు రాయించుకుని ముందే చదివేశాడు. జాతకాలు చూసుకుని సంబంధం మాట్లాడటానికి కూర్చున్నాడన్నమాట.

మొదటి రోజుల్లోనే జాతకాలు కలవలేదు. సాదత్ తన కోరికల చిట్టా చదివాడు. ఒక్క మెట్టు దిగే మాట అందులో లేదు. చదవడం పూర్తయ్యాక గదిలో గాలి ఆడలేదు. అప్పుడు కార్టర్ బెగిన్ వైపు తిరిగి, మీరు దీనిమీద ఉన్నదున్నట్టు సంతకం పెట్టేస్తే అందరికీ బోలెడు కాలం కలిసివస్తుందన్నాడట. ముగ్గురూ పగలబడి నవ్వారు. తమాషా ఏమిటంటే, ఎక్కడెక్కడ తాను దిగిరాగలడో రాసిన మరో కాగితాన్ని సాదత్ అంతకుముందే రహస్యంగా కార్టర్ చేతిలో పెట్టి ఉన్నాడు. తన మంత్రులకు కూడా చెప్పకుండా! రెండు మూడు సమావేశాల తరవాత ఇద్దరూ బల్లలు గుద్దుకునే దాకా వచ్చింది. ఇక వీళ్ళను ఒకే గదిలో కూర్చోబెట్టకూడదని కార్టర్ నిశ్చయించుకున్నాడు. ఆ పైన ఆఖరు దాకా కబుర్లన్నీ కార్టర్ ద్వారానే. మధ్యలో ఒక ఆదివారం ఇద్దరినీ కారులో ఎక్కించుకుని, తాను నడుమ కూర్చుని, 1863 నాటి అంతర్యుద్ధ రణభూమి గెటిస్‌బర్గ్ చూపించుకొచ్చాడు. అక్కడ బెగిన్ లింకన్ ప్రసంగాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

కార్టర్‌కు అసలు రహస్యం అంతుపట్టింది ఈ రోజుల్లోనే. ఈజిప్టు వైపు నాయకుడు ఉదారుడు, సలహాదారులు కఠినులు. ఇజ్రాయెల్ వైపు సలహాదారులు సర్దుబాటుకు సిద్ధం, నాయకుడు కొరకరాని కొయ్య. అంటే ఒక గుడిలో దేవుడు వరమిస్తానంటే పూజారులు అడ్డం. రెండో గుడిలో పూజారులు తలూపితే దేవుడు కదలడు! కనక సాదత్‌తో పని ఉంటే సరాసరి సాదత్ దగ్గరికే పోవాలి. బెగిన్‌తో పని ఉంటే బెగిన్‌ను తప్పించుకుని చుట్టూ తిరిగి పోవాలి.

బెగిన్ చుట్టూ ఉన్నవాళ్ళు సామాన్యులు కారు. విదేశాంగ మంత్రి మోషే దయాన్, కంటిమీద నల్లపట్టీతో లోకమంతా గుర్తుపట్టే సేనాని. రక్షణ మంత్రి ఎజెర్ వైజ్‌మన్, వైమానిక దళంలో పెరిగినవాడు. అతని కొడుకు తలకు 1970లో సూయజ్ కాలువ దగ్గర ఈజిప్టు సైనికుడి తుపాకి గుండు తగిలింది. సాదత్ తమ్ముడు 1973 యుద్ధం మొదటిరోజే విమానంతో కూలిపోయాడు. అటువంటి ఇద్దరికి ఒకరంటే ఒకరికి ఇష్టం కలగడం నాకు ఈ కథలో అన్నిటికంటే వింతగా తోస్తుంది. ఇక మూడోవాడు అహరోన్ బరాక్, సుప్రీంకోర్టు జడ్జీగా వెళ్ళబోతున్న న్యాయనిపుణుడు. బెగిన్ వద్దన్న మాటనే అర్థం చెడకుండా మరో మాటలో రాసి ఒప్పించగల నేర్పు అతనిది. కార్టర్ ఈ బరాక్‌నూ, ఈజిప్టు తరఫున ఒసామా ఎల్ బాజ్‌నూ తన గదిలో కూర్చోబెట్టుకుని గంటల తరబడి వాక్యం వాక్యం దిద్దాడు. అమెరికా అధ్యక్షుడు రాయసగాడి పని చేయడమా అని ముక్కున వేలేసుకున్నవాళ్ళు ఉండవచ్చు. ఆ ఒప్పందం 23 సార్లు తిరగరాయబడింది మరి.

ఆ కూర్చోవడంలో ఒకసారి ఎల్ బాజ్ ఒక విషయంమీద, మా అధ్యక్షుడు దీనికి చచ్చినా ఒప్పుకోడన్నట్టు బిగించాడు. ఈ సంగతి ఆయనతో మాట్లాడావా అని కార్టర్ నిలదీస్తే, లేదని తేలింది. పూజారి దొరికిపోయాడు! కార్టర్‌కు ఒళ్ళు మండింది. వెంటనే సాదత్‌ను చూడాలని కబురంపితే ఆయన నిద్రపోయాడని జవాబు వచ్చింది. అప్పుడు కార్టర్‌కు ఇంకో భయం పట్టుకుంది. సాదత్‌మీద కోపంగా ఉన్న ఆయన మనుషుల్లోనే ఎవరైనా ఆయన్ను ఏదైనా చేస్తే? తెల్లవారుజామున లేచి ఆ బస చుట్టూ కాపలా సంగతి విచారించేదాకా ఆయనకు నిద్రపట్టలేదు. పొద్దున సాదత్ మామూలుగానే నడకకు బయటికొచ్చాడు.

కథ మరీ బరువెక్కింది, ఒక చదరంగం ఆట చెబుతాను. కార్టర్ సలహాదారు బ్రెజిన్‌స్కీ, బెగిన్ ఇద్దరూ పోలండ్ మట్టివాళ్ళు. ఆటకు కూర్చుంటూ బెగిన్, 1940లో సోవియట్ పోలీసులు వచ్చి తనను పట్టుకుపోయినప్పుడు చదరంగమే ఆడుతున్నాననీ, మళ్ళీ బల్ల ముట్టుకోవడం ఇవాళేననీ గంభీరంగా చెప్పాడు. బ్రెజిన్‌స్కీ కదిలిపోయాడు. కాసేపటికి అటుగా వచ్చిన శ్రీమతి బెగిన్, అయ్యో మా ఆయనకు చదరంగమంటే ప్రాణం, ఎప్పుడూ ఆడుతూనే ఉంటాడని సంబరంగా అనేసింది. భార్యలకు దౌత్యభాష నేర్పకపోవడంవల్ల ఇలాంటి నష్టాలు తప్పవు.

11వ రోజున, అంటే సెప్టెంబరు 15న, సాదత్ పెట్టె సర్దుకున్నాడు, హెలికాప్టర్ కావాలన్నాడు. ముందురోజు దయాన్‌తో మాట్లాడాక ఇజ్రాయెల్ ఏ సంతకమూ పెట్టదని ఆయనకు అనిపించింది. పైగా సలహాదారులు ఒక లౌక్యం చెప్పారు. ఇప్పుడు మీరు దిగిన మెట్లు కాగితంమీద ఉండిపోతాయి, రేపు బేరం అక్కడినుంచే మొదలుపెడతారు అని. ఈ మాట తప్పు కాదు, పొలం బేరాలాడిన ఏ రైతునడిగినా అదే చెబుతాడు. కార్టర్ బట్టలు మార్చుకుని, కోటు తొడుక్కుని సాదత్ బసకు వెళ్ళాడు. ఇప్పుడు వెళ్ళిపోతే మన స్నేహానికీ, రెండు దేశాల బంధానికీ అదే ఆఖరన్నాడు. ఒక పక్షం ఏ భాగాన్ని కాదన్నా మొత్తం కాగితం చెల్లనట్టేనని మాటిచ్చాడు. సాదత్ పెట్టె విప్పాడు.

బెగిన్‌కు మాత్రం సినాయ్‌లో తమవాళ్ళు కట్టుకున్న ఊళ్ళు ఖాళీ చేయించడం దగ్గర గొంతులో ముల్లు పడింది. ఉద్యోగం దిగాక తాను అక్కడే ఒక ఊళ్ళో కాపురముంటానని లోకానికి చెప్పి ఉన్నవాడు. ఆ ముల్లు తీసింది ఎవరో తెలుసా? ఆ ఊళ్ళకు కొమ్ము కాసిన వ్యవసాయ మంత్రి ఏరియల్ షరోన్. ఇజ్రాయెల్ బృందంలో ఒకరు ఆయనకు ఫోను చేసి సంగతి చెబితే, ఆయన బెగిన్‌తో మాట్లాడి, అడ్డం ఆ ఊళ్ళే అయితే ఖాళీ చేయించడానికి తనకు అభ్యంతరం లేదన్నాడు. మెత్తనివాళ్ళు నెలల తరబడి చెప్పినా వినని చెవి, తనకంటే గట్టివాడు ఒక్క ఫోనులో చెబితే విన్నది. సలహా బరువు సలహాలో ఉండదు. బెగిన్ ఆ భారం తమ పార్లమెంటుమీద పెట్టాడు. సెప్టెంబరు 28న అక్కడ 84 మంది అవునన్నారు, 19 మంది కాదన్నారు. 1982 ఏప్రిల్‌లో యామిత్ అనే ఆ ఊరిని మనుషుల్ని లాగి మరీ ఖాళీ చేయించింది కూడా, అప్పటికి రక్షణ మంత్రి అయిన ఆ షరోనే!

ఆఖరిరోజు జెరూసలేం మీద ఒక ఉత్తరం గురించి మళ్ళీ పేచీ వచ్చి బెగిన్ ప్రయాణమవుతానన్నాడు. మనవల కోసమని ఆయన ముగ్గురూ కలిసి ఉన్న ఫొటోలమీద సంతకాలు అడిగి ఉన్నాడు. కార్టర్ పిల్లల పేర్లు కనుక్కుని, ఒక్కో ఫొటోమీద ఒక్కో పేరు రాసి స్వయంగా పట్టుకెళ్ళాడు. బెగిన్ ఒక్కొక్క పేరే పైకి చదువుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఉత్తరంలో మాటలు కాస్త మార్చారు. ఆ రాత్రే, సెప్టెంబరు 17న, వాషింగ్టన్‌లో సంతకాలయ్యాయి.

ఆ సభలో ఒక కుర్చీ ఖాళీ. ఈజిప్టు విదేశాంగ మంత్రి మొహమ్మద్ ఇబ్రహీం కమెల్ ముందురోజే రాజీనామా ఇచ్చాడు. ఆయన సాదత్‌కు నిన్నమొన్నటి ఉద్యోగి కాదు. 1946లో జరిగిన అమీన్ ఉస్మాన్ హత్య కేసులో ఇద్దరూ ముద్దాయిలై కలిసి జైలు గోడలు చూసినవాళ్ళు. సినాయ్ మనకొస్తుంది, పాలస్తీనావాళ్ళ సంగతి గాలికి పోతుందని ఆయన వాదన. స్వయంపాలన అని రాసిన ఆ భాగం కాగితంమీదే మిగిలిపోయింది. ఇజ్రాయెల్ తరఫున దయాన్ 1979లో, వైజ్‌మన్ 1980లో రాజీనామాలిచ్చి బయటికి నడిచారంటే ఆ చర్చలు నడిచిన తీరు కూడా కారణమే. కమెల్ చూసింది నిజం. సాదత్ చేసినదాన్ని తప్పనడానికి మాత్రం నాకు నోరు రాదు. 1979 మార్చి 26న శాంతి ఒప్పందం కుదిరింది, 1982 ఏప్రిల్‌కల్లా సినాయ్ తిరిగొచ్చింది. 1973 తరవాత ఆ రెండు దేశాలూ మళ్ళీ యుద్ధానికి దిగలేదు. కాలువ గట్టున చావవలసిన పిల్లలు ఎంతమంది ఇళ్ళకు చేరారో లెక్క కట్టేవాళ్ళెవరు? కమెల్‌ను గౌరవిస్తాను. ఆయన మాట విని సాదత్ హెలికాప్టర్ ఎక్కి ఉండాల్సిందని మాత్రం అనను.

పొరుగు అరబ్బు దేశాలు ఈజిప్టును వెలివేశాయి. అరబ్ లీగ్ తన కార్యాలయాన్ని కైరో నుంచి ట్యూనిస్‌కు ఎత్తుకుపోయింది. 1981 అక్టోబరు 6న సైనిక కవాతు చూస్తూ కూర్చున్న సాదత్‌ను ఆ కవాతులోంచి దిగిన సైనికులే కాల్చి చంపారు. అంత్యక్రియలు 10వ తేదీన. అరబ్బు దేశాధినేతల్లో వచ్చినవాళ్ళు వేళ్ళమీద లెక్కించేటంతమంది. అప్పటికి పదవి పోయిన కార్టర్ వచ్చాడు. బెగిన్ కూడా వచ్చాడు. ఆరోజు శనివారం, యూదులు వాహనమెక్కని రోజు. అందుకని దగ్గర్లోనే బస చేసి, పొద్దున్నే లేచి, పాత శత్రువును సాగనంపడానికి కైరో వీధిలో కాలినడకన వెళ్ళాడు.