గోండ్వానా: రాతిపొరల్లో మన పేరు

ఒకప్పుడు భారతదేశం, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా కలిసి ఒకే మహాఖండంగా ఉండేవని బడిలో చదువుకుంటాం. దాని పేరు గోండ్వానా. ఆ పేరు గోండుల నుంచే వెళ్ళిందని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

గఢా-మండ్లా, దేవ్‌గఢ్, చాందా గోండు రాజులు ఏలిన సీమను గోండ్వానా అనేవారు. 1872లో హెన్రీ మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడి పురాతన రాతిపొరలకు అదే పేరు పెట్టాడు. ఆ పొరల్లో కనిపించే గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల అచ్చులు మిగతా దక్షిణ ఖండాల్లోనూ దొరికాయి. దాంతో 1885లో ఎడ్వర్డ్ స్యూస్ ఆ పాత మహాఖండాన్ని 'గోండ్వానాలాండ్' అన్నాడు. అలా గోండుల నేల పేరు ప్రపంచ పుస్తకాల్లోకి ఎక్కింది.

ఈ పొరల్లో అడుగువాటిని చూడాలంటే ఛత్తీస్‌గఢ్‌లోని మనేంద్రగఢ్ వెళ్ళాలి. అక్కడ హస్‌దేవ్ నది ఒడ్డు బండల్లో సముద్రపు చిప్పల శిలాజాలు ఉన్నాయి. వాటి వయసు సుమారు 28 కోట్ల సంవత్సరాలు. సముద్రానికి అంత దూరంలో చిప్పలెలా వచ్చాయి? అప్పుడు ఈ నేలంతా మంచు కింద ఉండేది. మంచు కరిగాక సముద్రం లోపలికి చొచ్చుకొచ్చింది. తర్వాత వెనక్కి పోయింది. నదులు, చిత్తడి అడవులు ఏర్పడ్డాయి. 1982లో ఈ చోటును జాతీయ భూగర్భ స్మారక స్థలంగా ప్రకటించారు.

ఆ చిత్తడి అడవులే మట్టి కింద కూరుకుపోయి బొగ్గయ్యాయి. మన గోదావరి లోయలోనూ ఇవే గోండ్వానా పొరలు. 1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ గుర్తించిన బొగ్గు వీటిలోదే. ఆ బొగ్గు రైళ్ళు నడిపింది, కరెంటు ఇచ్చింది. కానీ గనులు తవ్విన చోట ఎన్నో ఆదివాసీ గూడేలు భూమినీ అడవినీ పోగొట్టుకున్నాయి. పేరు మనది, నేల మనది. లాభం లెక్కలో మాత్రం మనం చివర ఉన్నాం.

ఇదే లోయలో, యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్‌కు ఆ ఊరి పేరే పెట్టారు: కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఉంది. ఊరి పిల్లలు దాన్ని చూడాలంటే పట్నం పోవాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, గోండ్వానా పాఠం వచ్చిన రోజు పటంతో ఆపకండి. పిల్లలను దగ్గరి వాగు ఒడ్డుకు తీసుకెళ్ళండి. పొరలు పొరలుగా ఉన్న రాయిని చూపించండి. ఆకు అచ్చు కనిపిస్తే పగలగొట్టనివ్వకండి. బొమ్మ గీయించండి, చోటు రాయించండి. ఆ రాళ్ళ గురించి, గుట్టల గురించి పెద్దలు చెప్పే మాటలనూ పక్కనే రాయించండి.

యువకులారా, భూగర్భ శాస్త్రం చదవండి. మన నేలను ఇప్పటిదాకా బయటివాళ్ళే కొలిచారు, వాళ్ళే రాశారు. ఇకపై ఆ పని మన చేతుల్లోనూ ఉండాలి. తన నేల కింద ఏముందో తెలిసినవాడే గ్రామసభలో ధైర్యంగా ప్రశ్న అడగగలడు.