ఆశ్చర్యార్థకం తెచ్చిన తంటా

ఒకసారి ఆఫీసులో ఓ పాత స్క్రిప్టు నా నెత్తిన పడింది. రాసినాయన ఎప్పుడో కంపెనీ మారిపోయాడు. అందులో అన్నీ ఒక్కక్షరం ఆప్షన్లే, ఏది ఏం చేస్తుందో ఎక్కడా రాసిలేదు. రెండు రోజులు జుట్టు పీక్కున్నాను. అలాంటి తంటాయే సంగీతంలోనూ వచ్చింది, ఆ కథ చెప్తాను.

ఏబీసీ నొటేషన్ అంటే కీబోర్డు మీది అక్షరాలతో బాణీలు రాసే పద్ధతి. బ్రిటన్‌లో క్రిస్ వాల్షా 1980లలో జానపద బాణీల్ని ఇలా అక్షరాల్లో రాసుకునేవాడు. 1993లో ఆ రాతని స్టాఫ్ నొటేషన్‌గా మార్చే ప్రోగ్రాం విడుదల చేశాడు. ఇందులో పొదుపు మహా ఎక్కువ. లైను మొదట్లో 'టీ', పక్కన కోలన్ ఉంటే బాణీ పేరు. అదే 'టీ' స్వరం ముందుంటే ట్రిల్, అంటే పక్క స్వరంతో కలిపి గబగబా ఊపడం. ఈ ఒక్కక్షరాలు నిజానికి షార్ట్‌కట్లు. పూర్తి రూపం రెండు ఆశ్చర్యార్థకాల మధ్య పేరు: !ట్రిల్!.

అసలు గొడవ ఇక్కడే. విండోస్‌లో బాగా వాడిన ఏబీసీటూవిన్ అనే ప్రోగ్రాంలో ఒంటరి ఆశ్చర్యార్థకానికి అర్థం "లైను ఇక్కడ విరువు" అని. గుర్తు ఒకటే, అర్థాలు రెండు! ఒకరి ఫైలు ఇంకొకరి ప్రోగ్రాంలో తెరిస్తే గందరగోళమే. దాంతో 2.0 ప్రమాణంలో ఆశ్చర్యార్థకం తీసేసి ప్లస్ గుర్తు పెట్టారు. జనం పెద్దగా పట్టించుకోలేదు. 2011 డిసెంబరులో వచ్చిన 2.1 మళ్ళీ ఆశ్చర్యార్థకానికే వచ్చింది.

నాకు నచ్చిందేమిటంటే, 2.1 రాసినవాళ్ళు పాత వాడుకని చెరిపేయలేదు. కాలం చెల్లిన సింటాక్స్‌కి విడిగా ఒక భాగమే రాశారు. ఫైలు మొదటి లైనులో వెర్షన్ రాస్తే కచ్చితంగా చదవాలి, లేకపోతే చూసీచూడనట్టు పోవాలి అని ప్రోగ్రాములకి చెప్పారు. పాత పద్ధతిలో రాసుకున్నవాళ్ళకి ప్లస్ గుర్తు వాడే వీలూ ఉంచారు. ఎవరి బాణీ చెత్తబుట్టలోకి పోనక్కర్లేదు.

ఇదేం కొత్త సంగతి కాదు లెండి. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చు వేయించినప్పుడు గమకాలకి గుర్తులు వాడారు. కంపితానికి వంకర గీత, జారుకి ఏటవాలు గీత... ఏ గుర్తు ఏమిటో ఆ పుస్తకంలోనే వివరించారు. రెండేళ్ళకే, 1906లో, ఆయన పోయారు. అడగడానికి మనిషి లేడు, కానీ గుర్తులకి అర్థం మిగిలింది. అందుకే ఇవాళ్టికీ అవి చదవగలుగుతున్నాం.

షార్ట్‌కట్ రాసినవాడికి టైపింగ్ కలిసొస్తుంది. దాని అర్థం రాసిపెట్టకపోతే ఆ మిగిలిన టైమంతా తర్వాతి వాడి నెత్తిన పడుతుంది, వడ్డీతో సహా. ఆ స్క్రిప్టు పైన పది లైన్ల కామెంటు రాసి చెకిన్ చేశాను. మరి మీ స్క్రిప్టుల సంగతేంటి?